మీ ఈమెయిల్ సర్వర్ అడ్రస్ ఏది? ఊహించకుండా కనుక్కునే పద్ధతి

"అన్నా, ఇన్‌కమింగ్ సర్వర్ అని అడుగుతాంది, ఏం కొట్టల్ల?" ఫోను మార్చినవాళ్ళ నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ నడిపేవాళ్ళు, ప్రొద్దుటూరులో నగల షాపువాళ్ళు, కర్నూలులో ఆడిటర్ ఆఫీసుల్లో ట్యాలీ చూసేవాళ్ళు, అందరూ ఆగిపోయేది ఈ ఒక్క గడి దగ్గరే. షాపు పేరు మీద ఒక డొమైన్ (ఈమెయిల్‌లో ఎట్ గుర్తు తర్వాత వచ్చే పేరు) ఉంటుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న కుర్రాడెవరో ఎప్పుడో చేసి పెట్టి ఉంటాడు. ఇప్పుడు ఆ నంబరు కలవదు. మెయిల్ మాత్రం నడుస్తూ ఉంటుంది. ఎక్కడి నుంచి నడుస్తోందో షాపులో ఎవరికీ తెలియదు.

కనుక్కోవడం పెద్ద పని కాదు, దానికి ఆ కుర్రాడూ అక్కర్లేదు. మీ మెయిల్ ఎవరి దగ్గరుందో డొమైనే చెబుతుంది. ఎలా అడగాలో తెలిస్తే చాలు.

ముందు ఇది తెలుసుకోండి

సర్వర్ అడ్రస్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, నిజానికి అవి మూడు.

ఎంఎక్స్: బయటివాళ్ళు మీకు పంపిన మెయిల్ వచ్చి దిగే చోటు. దీన్ని మీరు ఫోనులో ఎక్కడా కొట్టరు.

ఐమ్యాప్ లేదా పాప్: వచ్చిన మెయిల్‌ను మీ ఫోను, కంప్యూటరు తెచ్చుకునే చోటు. ఇన్‌కమింగ్ సర్వర్ అని అడిగేది దీన్నే. రెండింటిలో ఐమ్యాప్ పెట్టుకోండి. పాప్ పెడితే మెయిల్స్ ఒక కంప్యూటరులోకి దిగిపోయి సర్వర్ నుంచి చెరిగిపోయే సెట్టింగు ఉండొచ్చు. తర్వాత ఫోనులో చూస్తే ఏమీ ఉండవు.

ఎస్ఎంటీపీ: మీరు పంపే మెయిల్ బయటికి వెళ్ళే చోటు. అవుట్‌గోయింగ్ సర్వర్ ఇదే. ట్యాలీకి, స్కానరుకు కావలసింది ఇదొక్కటే.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బండ్లు లోపలికి వచ్చే గేటు వేరు, మీరు సరుకు చూసుకునే కొట్టు వేరు. ఎంఎక్స్ ఆ గేటు లాంటిది. అక్కడ నిలబడి నా సరుకు ఇవ్వండంటే ఎవరూ ఇవ్వరు. ఎంఎక్స్ అడ్రస్‌ను తెచ్చి ఫోనులో ఇన్‌కమింగ్ గడిలో పెట్టేవాళ్ళు చేసే పని అదే.

కావలసినవి

మీ ఈమెయిల్ అడ్రస్, అక్షరం తప్పు లేకుండా. నెట్ ఉన్న ఫోను గానీ కంప్యూటరు గానీ. ఆ మెయిల్ ఇప్పటికే పనిచేస్తున్న పాత ఫోను ఉంటే అది కూడా దగ్గర పెట్టుకోండి. దాన్ని రీసెట్ చేసి ఎవరికైనా ఇచ్చేసే ముందే ఇదంతా చూసుకోవడం మంచిది. పాస్‌వర్డ్ చివరలో సెట్ చేసేటప్పుడే కావాలి. సర్వర్ కనుక్కోవడానికి దానితో పని లేదు.

అడ్రస్‌లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, "డాట్" అన్నచోట చుక్క పెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఐమ్యాప్ అంటే ఐ, ఎం, ఏ, పీ నాలుగక్షరాలు. ఎస్ఎంటీపీ కూడా ఎలా పలికితే అలా నాలుగక్షరాలే. ఉదాహరణకు "మీకంపెనీ డాట్ ఇన్" అని ఒక డొమైన్ అనుకుందాం. ఆ చోట మీది పెట్టుకోండి.

1. ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి

జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్, హాట్‌మెయిల్ అని ఉంటే వెతకనక్కర్లేదు, అడ్రస్‌లు ఇవీ:

జీమెయిల్: ఇన్‌కమింగ్ ఐమ్యాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు (సర్వర్‌లోకి వెళ్ళే తలుపు నంబరు లాంటిది) 993. అవుట్‌గోయింగ్ ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 465 లేదా 587.

యాహూ: ఐమ్యాప్ డాట్ మెయిల్ డాట్ యాహూ డాట్ కామ్, 993. ఎస్ఎంటీపీ డాట్ మెయిల్ డాట్ యాహూ డాట్ కామ్, 465 లేదా 587.

అవుట్‌లుక్, హాట్‌మెయిల్: అవుట్‌లుక్ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, 993. పంపడానికి ఎస్ఎంటీపీ-మెయిల్ డాట్ అవుట్‌లుక్ డాట్ కామ్, 587. ఎస్ఎంటీపీ తర్వాత ఉన్నది చుక్క కాదు, అడ్డగీత.

అడ్రస్ సరిగ్గానే ఉన్నా పాస్‌వర్డ్ తప్పంటుంటే కారణం వేరే ఉంది. మామూలు పాస్‌వర్డ్‌తో పాత యాప్‌లు లాగిన్ కావడాన్ని జీమెయిల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. గూగుల్ అకౌంటులో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని ట్యాలీలోనో స్కానరులోనో అది పెట్టాలి. యాహూకూ యాప్ పాస్‌వర్డే. హాట్‌మెయిల్, అవుట్‌లుక్ సొంత అకౌంట్లకైతే 2024 సెప్టెంబరు 16 నుంచి ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ లేదు. బ్రౌజరు లాంటి పేజీ తెరిచి సైన్ ఇన్ అడిగే యాప్‌లు మాత్రమే పనిచేస్తాయి. పాత స్కానరుకు హాట్‌మెయిల్ పెట్టి కుస్తీ పట్టకండి, వేరే అకౌంటు పెట్టడమే సుఖం.

ఎట్ గుర్తు తర్వాత మీ సొంత డొమైన్ ఉంటే రెండో మెట్టుకు రండి.

2. పనిచేస్తున్న ఫోనులో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. అన్నింటికన్నా సులువైనదీ ఇదే. ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఆ అకౌంటు మీద నొక్కి, కిందికి వెళితే "ఇన్‌కమింగ్ సెట్టింగ్స్", "అవుట్‌గోయింగ్ సెట్టింగ్స్" ఉంటాయి. కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉంటే అకౌంట్ సెట్టింగ్స్‌లో "సర్వర్ సెట్టింగ్స్". ఐఫోనులో మెయిల్ అకౌంట్ల సెట్టింగుల్లో ఆ అకౌంటు తెరిస్తే రెండు సర్వర్లూ కనిపిస్తాయి.

సర్వర్ పేరు, పోర్టు నంబరు, సెక్యూరిటీ రకం, యూజర్‌నేమ్ నాలుగూ ఫోటో తీసి పెట్టుకోండి. ఒక్క సర్వర్ పేరే రాసుకుంటే మిగతా మూడింటి కోసం మళ్ళీ పాత ఫోను వెతకాలి.

ఆ గడులు కనిపించకుండా అకౌంటు గూగుల్ అనో ఎక్స్‌ఛేంజ్ అనో చూపిస్తే మీ మెయిల్ గూగుల్ దగ్గరో మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉందన్నమాట. అది కూడా జవాబే. కొత్త ఫోనులోనూ అదే రకం ఎంచుకుంటే సర్వర్ పేరు అడగనే అడగదు.

3. డొమైన్‌ను అడగండి

పాత ఫోను లేదు, ఏ వివరమూ లేదు. అప్పుడు ఎంఎక్స్ రికార్డు చూడాలి. ఇది బహిరంగంగా ఉండే సమాచారం, ఎవరి డొమైన్‌దైనా ఎవరైనా చూడొచ్చు, పర్మిషన్ అక్కర్లేదు.

ఫోనులో అయితే: బ్రౌజరులో "గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్ డిగ్" అని గానీ "ఎంఎక్స్ టూల్‌బాక్స్" అని గానీ వెతికి తెరవండి. డొమైన్ గడిలో మీ డొమైన్ కొట్టి, ఎంఎక్స్ ఎంచుకోండి. అంతే.

విండోస్ కంప్యూటరులో అయితే: స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఎన్ఎస్‌లుకప్ అని కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, మైనస్ గుర్తు, వెంటనే టైప్ అనే మాట, ఈక్వల్ గుర్తు, ఎంఎక్స్ అన్నీ ఖాళీ లేకుండా కొట్టి, మళ్ళీ ఒక స్పేస్ ఇచ్చి మీ డొమైన్ రాసి ఎంటర్ నొక్కండి. లైనక్స్, మ్యాక్ వాళ్ళకు డిగ్ కమాండ్ ఉంది: డిగ్, స్పేస్, ఎంఎక్స్, స్పేస్, డొమైన్.

డొమైన్ అంటే ఎట్ గుర్తుకు కుడివైపు ఉన్నది మాత్రమే. మొత్తం ఈమెయిల్ కొట్టొద్దు. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, హెచ్‌టీటీపీఎస్ పెట్టొద్దు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తగిలిస్తే చాలాసార్లు జవాబే రాదు, మన డొమైన్‌కు మెయిల్ లేదేమో అని టెన్షన్ పడతారు.

"మీ ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వండి, సర్వర్ మేం కనిపెడతాం" అనే సైట్లు ఎదురైతే మూసేయండి. ఈ పనికి పాస్‌వర్డ్ ఎవరికీ అక్కర్లేదు.

4. వచ్చిన జవాబు చదవడం

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడ. విండోస్ కమాండులో పైన "సర్వర్" అని, దాని కింద చాలాసార్లు 192.168తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఇదే మన సర్వర్ అని రాసుకునేవాళ్ళు చాలామంది. అది మీ ఇంట్లోనో షాపులోనో ఉన్న వైఫై రౌటరు నంబరు. దాని కింద "నాన్-ఆథరిటేటివ్ ఆన్సర్" అని వస్తే కంగారు పడకండి, తప్పేమీ లేదు. మీకు కావలసింది "మెయిల్ ఎక్స్‌ఛేంజర్" అన్న మాట పక్కన ఉన్న పేరు.

పక్కన 1, 5, 10 లాంటి అంకెలుంటాయి. అవి పోర్టులు కావు, వరస. చిన్న అంకె ఉన్నదానికి ముందు మెయిల్ వెళుతుంది. అది పలకకపోతే తర్వాతిదానికి.

ఇప్పుడు ఆ పేరు చివరి భాగం చూడండి. మీ మెయిల్ ఎవరి దగ్గరుందో అదే చెబుతుంది.

చివర గూగుల్ డాట్ కామ్ ఉంటే గూగుల్ వర్క్‌స్పేస్. పాత అకౌంట్లకు ఏఎస్‌పీఎంఎక్స్ అన్న మాట ఉన్న ఐదు పేర్లు వస్తాయి, కొత్తవాటికి ఎస్ఎంటీపీ డాట్ గూగుల్ డాట్ కామ్ అని ఒక్కటే. రెండూ సరైనవే. ఫోనుకు మాత్రం పైన చెప్పిన జీమెయిల్ అడ్రస్‌లే పెట్టాలి.

చివర ప్రొటెక్షన్ డాట్ అవుట్‌లుక్ డాట్ కామ్ ఉంటే మైక్రోసాఫ్ట్ 365. ఇన్‌కమింగ్ అవుట్‌లుక్ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, అవుట్‌గోయింగ్ ఎస్ఎంటీపీ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, 587. దీనికి అవుట్‌లుక్ యాప్ వేసుకుంటే ఈ గొడవేమీ ఉండదు.

జోహో డాట్ ఇన్ ఉంటే జోహో. సొంత డొమైన్‌కు ఐమ్యాప్‌ప్రో డాట్ జోహో డాట్ ఇన్, ఎస్ఎంటీపీప్రో డాట్ జోహో డాట్ ఇన్. ఆ "ప్రో" వదిలేస్తే పనిచేయదు. చివర ఇన్ ఉన్నచోట కామ్ పెట్టినా అంతే. ఇంకోటి, జోహో ఉచిత ప్లానులో ఐమ్యాప్ ఇవ్వరు. మీది ఆ ప్లానే కావచ్చు కాబట్టి, సర్వర్ కొట్టి కొట్టి విసిగిపోయే ముందు మీ ప్లాను ఏదో చూసుకోండి. జోహో సొంత యాప్‌లో మెయిల్ మామూలుగానే వస్తుంది.

సెక్యూర్‌సర్వర్ డాట్ నెట్ ఉంటే గోడాడీ పాత మెయిల్. ఇన్‌కమింగ్ ఐమ్యాప్ డాట్ సెక్యూర్‌సర్వర్ డాట్ నెట్. పంపడానికి మాత్రం ఎస్ఎంటీపీఅవుట్ అని "అవుట్" కలిపి కొట్టి, డాట్ సెక్యూర్‌సర్వర్ డాట్ నెట్.

హోస్టింగర్ డాట్ కామ్, టైటన్ డాట్ ఈమెయిల్ లాంటివి వస్తే ఆ పేరుకే ముందు ఐమ్యాప్, ఎస్ఎంటీపీ తగిలించండి. పోర్టులు 993, 465.

మీ సొంత డొమైనే తిరిగి వస్తే, అంటే మెయిల్ డాట్ మీకంపెనీ డాట్ ఇన్ లాంటిది, మెయిల్ సాధారణంగా వెబ్‌సైటు హోస్టింగ్‌లోనే, అంటే వెబ్‌సైటును తన సర్వర్‌లో ఉంచే కంపెనీ దగ్గరే, ఉందని అర్థం. ఐదో మెట్టు చూడండి.

పీపీహోస్టెడ్, మైమ్‌క్యాస్ట్, బరాకుడా లాంటి పేర్లు వస్తే అవి స్పామ్ వడపోసే కంపెనీలు. మెయిల్ వాటి వెనక ఇంకెక్కడో ఉంటుంది. ఇలాంటివి పెద్ద కంపెనీలకే ఉంటాయి గనుక మీ ఐటీ వాళ్ళను అడగడమే దారి.

ఎంఎక్స్ ఏమీ రాకపోతే? ముందు స్పెల్లింగ్ చూడండి. తర్వాత డొమైన్ రెన్యువల్ అయిందో లేదో చూడండి. గడువు అయిపోయిన డొమైన్‌కు మెయిల్ ఆగిపోతుంది, వెబ్‌సైటూ ఆగిపోతుంది. జవాబుగా ఉత్త చుక్క ఒక్కటే వస్తే, ఈ డొమైన్ మెయిల్ తీసుకోదని యజమాని కావాలనే పెట్టినట్టు.

5. మెయిల్ హోస్టింగ్‌లోనే ఉంటే

చిన్న వెబ్‌సైట్ల హోస్టింగ్‌లో సీప్యానెల్ (హోస్టింగ్ సెట్టింగులన్నీ చూసుకునే పేజీ) వాడకం బాగా ఎక్కువ. లాగిన్ ఉంటే "ఈమెయిల్ అకౌంట్స్" లోకి వెళ్ళి, మీ మెయిల్ పక్కన "కనెక్ట్ డివైసెస్" నొక్కండి. సర్వర్ పేరు, పోర్టులు అక్కడే రాసి ఉంటాయి. ఎస్ఎస్ఎల్ (మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) ఉన్నవి, లేనివి అని రెండు వరసలుంటాయి. ఉన్నవే తీసుకోండి.

సీప్యానెల్ లాగిన్ లేదు, మెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉందా? బ్రౌజరులో మీ డొమైన్ వెనక కోలన్ గుర్తు పెట్టి 2096 కొట్టి చూడండి. వెబ్‌మెయిల్ పేజీ తెరుచుకుంటే లోపల అదే వివరాల పేజీ దొరుకుతుంది.

అదీ కుదరకపోతే మెయిల్ డాట్ మీకంపెనీ డాట్ ఇన్, 993 పెట్టి చూడండి. చాలా హోస్టింగుల్లో ఇది పనిచేస్తుంది. కానీ సర్టిఫికెట్ (సర్వర్ ఎవరిదో చూపే డిజిటల్ గుర్తింపు) సరిపోలేదని ఎర్ర హెచ్చరిక రావచ్చు. మీ పేరుకు బదులు హోస్టింగ్ కంపెనీ సర్వర్ పేరు మీద సర్టిఫికెట్ ఉన్నప్పుడు అలా అవుతుంది. "అయినా ఒప్పుకుంటాను" అని నొక్కి ముందుకు పోకండి. ఆ హెచ్చరికలోనే సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. అది మీ హోస్టింగ్ కంపెనీ పేరే అయితే సర్వర్ గడిలో దాన్నే పెట్టండి. సంబంధం లేని పేరు ఉంటే అక్కడే ఆగి హోస్టింగ్ వాళ్ళను అడగండి.

డొమైన్ సెట్టింగులకు క్లౌడ్‌ఫ్లేర్ అనే సర్వీసు వాడేవాళ్ళకు ఒక చిక్కు. మెయిల్ అనే రికార్డు పక్కన మబ్బు గుర్తు నారింజ రంగులో ఉంటే మెయిల్ నడవదు. "డీఎన్ఎస్ ఓన్లీ" చేసి బూడిద రంగుకు మార్చాలి.

6. పెట్టేటప్పుడు

యూజర్‌నేమ్ గడిలో మొత్తం ఈమెయిల్ అడ్రస్ ఇవ్వండి, ఎట్ గుర్తు ముందు భాగం ఒక్కటే కాదు. 993, 465 పోర్టులకు ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587కు స్టార్ట్‌టీఎల్ఎస్. ఈ జత తప్పితే చాలాసార్లు యాప్ తిరుగుతూనే ఉంటుంది, ఏ తప్పూ చెప్పదు. అవుట్‌గోయింగ్‌కు కూడా "లాగిన్ అవసరం" ఆన్ చేయాలి. పోర్టు 25 పెట్టకండి. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు, చాలా నెట్ కంపెనీలు దాన్ని ఆపేస్తాయి.

7. సరిగ్గా ఉందో లేదో పరీక్ష

సర్వర్ పలుకుతోందా అని పింగ్ అనే కమాండుతో చూసేవాళ్ళున్నారు. పింగ్‌కు జవాబివ్వని మెయిల్ సర్వర్లు బోలెడు, దాన్ని నమ్మకండి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్, స్పేస్, సర్వర్ పేరు, స్పేస్, మైనస్ పోర్ట్, స్పేస్, 993 కొట్టండి. చివరి వరసలో "ట్రూ" వస్తే ఆ సర్వర్ ఆ పోర్టులో పలుకుతోందన్నమాట, ఇంకా లాగిన్ కాకపోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం చూసుకోండి. "ఫాల్స్" వస్తే ఫోను హాట్‌స్పాట్ మీద ఒకసారి చేయండి. అప్పుడు "ట్రూ" వస్తే అడ్డు మీ ఆఫీసు నెట్‌లో ఉంది. కాలేజీలు, బ్యాంకుల వైఫైలో ఇది మామూలే.

తర్వాత అటూ ఇటూ మెయిల్ పంపండి. మీ జీమెయిల్ నుంచి షాపు మెయిల్‌కు ఒకటి, షాపు మెయిల్ నుంచి జీమెయిల్‌కు ఒకటి. రెండోది వచ్చాక కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" నొక్కండి. పైన ఎస్పీఎఫ్ పక్కన "పాస్" అని ఉండాలి. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా ఎస్పీఎఫ్. "ఫెయిల్" అని ఉంటే మెయిల్ వెళ్ళింది గానీ ఆ జాబితాలో లేని సర్వర్ గుండా వెళ్ళిందన్నమాట. ఇవాళ ఇన్‌బాక్స్‌లో పడ్డా రేపు స్పామ్‌లో పడొచ్చు. కస్టమరు కొటేషన్ రాలేదనడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఎక్కువగా జరిగే ఒక విచిత్రం

లాగిన్ అవుతుంది, ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీ. లేదా పాతవి కొన్నే కనిపిస్తాయి. వెబ్‌సైటు ఒక హోస్టింగ్‌లో ఉండి, మెయిల్‌ను తర్వాత గూగుల్‌కో జోహోకో మార్చిన చోట ఇలా జరుగుతుంది. హోస్టింగ్‌లో అదే పేరుతో పాత మెయిల్‌బాక్స్ అలాగే ఉంటుంది. మెయిల్ డాట్ మీకంపెనీ అని ఊహించి కొడితే మీరు ఆ పాత డబ్బాలోకి వెళుతున్నారు. అందుకే ఎంఎక్స్ చూడకుండా ఊహించొద్దనేది.

దీనికే ఇంకో కొస ఉంది. వెబ్‌సైటులో "మమ్మల్ని సంప్రదించండి" ఫారం నింపినవాళ్ళ మెయిల్స్ మీకు చేరవు, బయటివాళ్ళవి మాత్రం చేరతాయి. ఫారం హోస్టింగ్‌లోనే ఉంది కాబట్టి, ఈ డొమైన్ మెయిల్ నా దగ్గరే ఉందనుకుని సర్వర్ దాన్ని పాత డబ్బాలోనే వేస్తుంది. సీప్యానెల్‌లో "ఈమెయిల్ రౌటింగ్" తెరిచి "రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్" ఎంచుకుంటే సరిపోతుంది. ముందు వెబ్‌మెయిల్‌లో ఆ పాత డబ్బా తెరిచి చూడండి. నెలల ఎంక్వయిరీలు అక్కడ పడి ఉండొచ్చు.

ఏదీ కుదరకపోతే ఎవరిని అడగాలి

ముందు కమాండులోనే ఎంఎక్స్ బదులు ఎన్ఎస్ పెట్టి మళ్ళీ అడగండి. డొమైన్ సెట్టింగులు ఏ కంపెనీ చేతిలో ఉన్నాయో వస్తుంది. వాళ్ళ కస్టమర్ కేర్‌కు డొమైన్ యజమానిగా మీరే రాయండి. "మా డొమైన్‌కు ఐమ్యాప్, ఎస్ఎంటీపీ సర్వర్ పేర్లు, పోర్టులు, సెక్యూరిటీ రకం, యూజర్‌నేమ్ ఎలా ఇవ్వాలో తెలపండి" అని అడిగితే చాలు. ఉత్తగా "మెయిల్ పనిచేయడం లేదు" అని రాస్తే తిరిగి పది ప్రశ్నలు వస్తాయి. వాళ్ళు ఫోను చేసి పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగితే ఇవ్వకండి.

జీవోవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్ మెయిల్ ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు ఈ మెట్లేవీ ప్రయత్నించొద్దు. వాటికి ఫోనులో పెట్టుకునే నిబంధనలు వేరు. కర్నూలైనా కడపైనా అనంతపురమైనా, జిల్లా ఎన్ఐసీ (ప్రభుత్వ కంప్యూటరు వ్యవహారాలు చూసే సంస్థ) వాళ్ళను అడిగి వాళ్ళు చెప్పినట్టే చేయండి.